వారానికొక్కసారి వెలిగే పొయ్యి

జానీ మియా మంచం కింద ఒక రాగి చెంబు ఉండేది. ఆ చెంబు అక్కడ ఎందుకుందో ములకలపల్లి మొత్తం మీద తనొక్కడికే తెలుసనుకునేవాడు, పాపం.

తెల్లారుజామున మసీదులో ఫజర్ అజాన్ వినబడగానే దుప్పట్లోంచి ఒక చెయ్యి బయటికి వచ్చేది. చెంబులో మునిగేది. గడ్డం తడిపేది, మోచేతులు తడిపేది, తువ్వాల మీద నాలుగు చుక్కలు చల్లేది, మళ్లీ దుప్పట్లోకి పోయేది. లోపలి గదిలో హాజిరా తన నమాజు ముగించి వచ్చేసరికి మొగుడి గడ్డం తడిగా కనిపించాలి. మనిషి నమాజుకు ముందు నీళ్లతో శుద్ధయ్యే వజూ చేసుకుని, నమాజు చదువుకుని, కాసేపు నడుం వాల్చాడని ఆమె అనుకోవాలి. ఇదీ ఏర్పాటు. దీని మీద పెట్టిన బుర్రలో సగం నమాజు మీద పెట్టి ఉంటే ఈ కథే లేదు.

వానాకాలం మొదట్లో ఒక శుక్రవారం దుప్పటి పక్కకు జారింది. కాళ్లు బయటపడ్డాయి.

జానీ మియాది కళాయి పని. చిలుము పట్టిన ఇత్తడి గుండిగలో ఇసుకా బూడిదా పోసి, అందులోకి దిగి, గోడ పట్టుకుని, కాళ్లతో గిరగిరా తిప్పి తోమాలి. ఆ తర్వాతే తగరం పూత. అందుకని అతని పాదాలు ఎప్పుడు చూసినా బొగ్గు గనిలోంచి అప్పుడే వచ్చినట్టుండేవి. వజూలో ఆఖరున కడగాల్సినవి ఆ పాదాలే.

ఆ ఇంట్లో మామూలుగా ఉర్దూ మాట్లాడుకునేవారు. కొట్లాటకు మాత్రం తెలుగే. ఇరుగుపొరుగుకు అర్థం కాని కొట్లాట దండగ అని హాజిరా అభిప్రాయం.

"అజీ, వజూ ఎక్కడ చేసినవ్?"

"మసీదు హౌజు తొట్టి కాడ."

"గడ్డం దాంక వచ్చిన నీళ్లు కాళ్ల దాంక రాలేదా?"

జానీ మియా కాళ్లు చూసుకున్నాడు. తప్పు చేసి దొరికితే తల వంచేవాళ్లు కొందరుంటారు. ఇతను ఆ రకం కాదు. దొరికిన మరుక్షణం ఎదురు తిరిగేవాడు. లేచి కూర్చుని, రోజూ లేవడం తన వల్ల కాదనీ, తప్పిన నమాజులను తర్వాత చదువుకునే వీలు మతంలోనే ఉందనీ, దాన్నే ఖజా అంటారనీ, కాబట్టి వారం మొత్తానివి శుక్రవారం జుమ్మా రోజు ఒక్కసారే చదివేస్తాననీ ప్రకటించాడు. ఎవరికీ జడిసేది లేదన్నాడు.

"అల్లా హాజరు పట్టీ పట్టుకుని కూసున్నడా? నా నమాజు, నా ఇష్టం."

"మంచిది," అంది హాజిరా.

ఆమె కేకలు వేసి ఉంటే అతనికి ధైర్యంగా ఉండేది.

ఆ మధ్యాహ్నం జుమ్మా అయ్యాక మాట ప్రకారం ఖజాలు మొదలుపెట్టాడు. రెండు రోజులవి అయ్యేసరికి నడుము పట్టేసింది. మిగిలినవి వచ్చే జుమ్మాకు వాయిదా వేసి ఇంటికొచ్చాడు. హాజిరా వాకిట్లో పెద్ద పొయ్యి పెట్టి, పెళ్లికి వండే దేగ్చాలో అన్నం వారుస్తోంది. పక్కన మరో దేగ్చాలో పప్పు.

"ఎవరన్న చుట్టాలొస్తున్నరా?"

"నువ్వే వస్తవు. రోజూ. వచ్చే జుమ్మా దాంక."

శనివారం చద్దన్నం బాగానే ఉంది. ఆదివారం పప్పు మీద నురగ వచ్చింది. సోమవారం దేగ్చా మూత తీస్తే పక్కింటి మేక లేచి వెళ్లిపోయింది. చాయ్ కూడా శుక్రవారానిదే. జానీ మియా మెడ వంచలేదు. ఉల్లిగడ్డ కొరుక్కుంటూ, ఒక్కో ముద్దా మింగి, వీధంతా వినబడేలా "బహుత్ బఢియా" అనేవాడు. కళ్లలో నీళ్లొస్తుంటే ఉల్లిగడ్డ ఘాటన్నాడు. హాజిరా మాత్రం పొద్దున్నే అందరికంటే ముందు లేచి, నమాజు చదువుకుని, చల్లారిన పొయ్యి పక్కన కూర్చుని, తనూ ఆ పులిసిన అన్నమే తినేది. సమ్మె చేసేవాడు పస్తుంటేనే యజమానికి భయం. కార్మిక సంఘాలకు తెలిసిన ఆ సంగతి ఆమెకెవరూ నేర్పలేదు.

సోమవారం మధ్యాహ్నానికి ఆగలేక జానీ మియా చెంచురామయ్య ఇంటికి పోయాడు. చెంచురామయ్య కృష్ణా వైపు నుంచి వచ్చి అడవి అంచున పొలాలు సంపాదించిన రైతు. ఎట్లా సంపాదించాడో అడగొద్దు, అదింకో కథ. మంచి స్నేహితుడు, మంచి భోజనం పెట్టేవాడు. జానీ మియా అరుగు మీద కూర్చుని తన గోడంతా చెప్పుకున్నాడు. గుమ్మం వెనక భారతమ్మ మొత్తం విన్నది.

"అయితే ఏవండీ," అంది మొగుడితో, "మీరు దేవుడికి దణ్ణం పెట్టేది ఏడాదికోసారి, భద్రాచలంలో, కల్యాణం రోజున. మరి నేను ఏడాదికోసారి వండితే సరిపోతుందా?"

చెంచురామయ్య లేచి, జానీ మియా చెప్పులు తన చేతులతో తెచ్చి ముందు పెట్టాడు.

"నీకు దణ్ణం పెడతాను జానీ, ఇంటికి పో. ఇక్కడింకా పొయ్యి వెలుగుతోంది."

సాయంత్రానికి ఊరంతా అతన్ని జుమ్మా జానీ అంటోంది.

అయినా లొంగలేదు. మంగళవారం కొత్త ఆలోచన వచ్చింది. తనకు కొలిమి ఉంది, తిత్తి ఉంది, బొగ్గు ఉంది. పెళ్లాం ఎందుకు? తువ్వాలలో బియ్యం మూట కట్టుకుని తన కళాయి కొట్టుకు వెళ్లాడు. అక్కడ ఉన్న పాత్ర ఒక్కటే, నిన్ననే కళాయి పూసి పెట్టిన భారతమ్మ గుండిగ. వెన్నెలలా మెరుస్తోంది. అందులో చేరెడు బియ్యం, చెంబెడు నీళ్లు పోసి, కొలిమి మీద దండిగా బొగ్గు పేర్చి, తిత్తి ఊది, నీళ్లు మరిగేలోగా కళ్లు మూసుకుందామనుకున్నాడు. అంతే. అజాన్‌కే లేవనివాడు అన్నం ఉడికితే లేస్తాడా?

నీళ్లు ఆవిరయ్యాయి. అన్నం మాడింది. వట్టి గుండిగ వేడెక్కేసరికి కళాయి కరిగి అన్నంలోకి దిగింది. పొగ చూసి జనం బిందెలతో పరిగెత్తుకొచ్చారు. నీళ్లు కుమ్మరిస్తే జానీ మియా లేచాడు. గుండిగ నల్లగా ఉంది. అన్నం మాత్రం నిగనిగలాడుతోంది. ప్రతి మెతుకుకూ తగరం పూత. ఇరవై ఏళ్ల పనిలో అంత నున్నటి కళాయి అతనెప్పుడూ వేయలేదు.

భారతమ్మ హాజిరాను వెంటబెట్టుకుని వచ్చింది.

"రేపు పొద్దు పొడిచేసరికి గుండిగ నా వాకిట్లో ఉండాలి. వ్రతం పెట్టుకున్నాం. లేకపోతే ఈ మాడు మొహంతోనే దీన్ని సంతలో పెట్టి, ఇది జానీ మియా పనితనం అని చూపిస్తా."

నమాజు పోతే జానీ మియా ఎదురు తిరిగాడు. అన్నం పోతే ఓర్చుకున్నాడు. కానీ పనితనం పేరు పోతే ఆ అడవి పల్లెల్లో అతనిక ఏ గడప ముందూ తల ఎత్తలేడు. మర్నాడు తెల్లారుజాముకంటే ముందే లేచాడు. ఎవరూ లేపలేదు. కొట్లోకి పోతే వెనకే హాజిరా వచ్చి తిత్తి ముందు కూర్చుంది. ఆమె ఊదింది. అతను గుండిగలోకి దిగి తోమాడు, తగరం పట్టేలా నవసాగరం పొడి చల్లాడు, తగరం రాసి దూదితో తిప్పాడు. మసి కింద నుంచి తెల్లటి మెరుపు పైకి తేలుతున్నప్పుడు మసీదులో అజాన్ మొదలైంది.

జానీ మియా తన కాళ్లు చూసుకున్నాడు. బావి దగ్గరికి పోయి ఇటుక ముక్కతో రుద్ది కడుక్కున్నాడు. మసీదులో వరసలో నిలబడ్డాడు. ప్రతి జుమ్మాకు అల్లా ముందు కోరికల సంత పెట్టే మనిషికి ఆ పొద్దు అడగడానికి ఏదీ గుర్తు రాలేదు. గుండిగ మెరిసింది. చేతులు పనిచేస్తున్నాయి. అడవి మీదుగా చల్లగాలి వస్తోంది. నుదురు చాపకు ఆనించి, మెల్లగా శుక్ర్ అని కృతజ్ఞత చెప్పుకున్నాడు. ఆ మాట అనక ఎన్నాళ్లయిందో తెలియక సిగ్గుపడ్డాడు.

గుండిగ మోసుకుపోతే భారతమ్మ దాన్ని అటక మీదికి ఎక్కించింది.

"వ్రతమన్నరు కదమ్మా?"

"వ్రతమే. కార్తీకంలో."

అప్పుడింకా ఆషాఢం. జానీ మియా నోరు తెరిచేలోగా ఎదురింటి సుబ్బరత్నం బిందెతో ప్రత్యక్షమైంది. రేపు పొద్దు పొడిచేసరికి కావాలంది. ఆవిడ వెనక ఇంకెవరో గంగాళం దొర్లించుకొస్తున్నారు. వాళ్లకూ ఎల్లుండి పొద్దు పొడిచేసరికే కావాలట. ఆ వీధి ఆడవాళ్లందరికీ ఒక్కసారిగా తెల్లారుజామునే ఇత్తడి అవసరం పడింది.

ఇంటికొచ్చేసరికి పొయ్యి వెలుగుతోంది. జొన్నరొట్టె, గోంగూర, పొగలు కక్కే చాయ్.

"ఈ బిందెల నాటకం నువ్వే చేయించినవ్," అన్నాడు.

"అవ్," అంది హాజిరా, రొట్టె తిప్పుతూ. "అల్లాకు నీ లెక్కలు అక్కర్లేదు మియా. రోజూ లేసుడు నీకు అక్కర. ఈ నాలుగు రోజులు తప్ప నేనెప్పుడన్న ఈ పొయ్యికి ఖజా చెప్పిన్నా?"

జానీ మియాకు ఓడిపోయినట్టు కనిపించడం ఇష్టం లేదు.

"లేస్త. రేపటి సంది ఎవని బిందె రాకున్నా లేస్త. నువ్వు చెప్పినవని కాదు. నా నమాజు, నా ఇష్టం."

"కూసో, తిను."

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లొచ్చాయి. ఈసారి ఉల్లిగడ్డ లేదు. "అల్‌హందులిల్లా," అన్నాడు.

"అది అల్లాకు. పొద్దుగాల తిత్తి ఊదినోళ్లకో?"

అతను రొట్టె వైపు చూస్తూ ఏదో గొణిగాడు.

"వినబడలే."

"శుక్రియా అన్న."

హాజిరా ఇంకో రొట్టె అతని పళ్లెంలో వేసింది.

"ఇది జుమ్మాకొక్కసారి అంటవా, రోజూ అంటవా?"

జానీ మియా మంచం కిందికి వంగి, రాగి చెంబు బయటికి తీసి, ఆమె చేతికిచ్చాడు.

"రోజూ," అన్నాడు. "ఇగ ఈ చెంబుల చాయ్ పోయ్."