ఆరు చుక్కల లెన్సు

ఆ రోజు ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు లోపల లెన్సుకి ఆరు చుక్కలు పెట్టాలి, పన్నెండింటికి అత్తగారు వస్తే కూర్చోబెట్టి ఒక ఫోటో తియ్యాలి, ఒంటిగంటకి భోజనం చెయ్యాలి.

ఆయన కెమెరాలు బాగుచేసే మనిషి. ఇంటి ముందుగదే దుకాణం. పాత లెన్సుల్ని కొత్త డిజిటల్ కెమెరాలు గుర్తుపట్టేలా చెయ్యడంలో చెయ్యి తిరిగినవాడు కాబట్టి తోటి పనివాళ్ళు చుక్కలాయన అంటారు. కెమెరా కంపెనీ తన లెన్సుల వెనక రింగు మీద ఆరు చోట్ల నలుపో తెలుపో చుక్కలు పెడుతుంది. కెమెరా నోట్లో ఉన్న ఆరు చిన్న కళ్ళు ఆ వరస చదువుకుని, వచ్చింది ఫలానా లెన్సు అని తెర మీద పేరు చూపిస్తాయి. వేరే కంపెనీ లెన్సుకి ఆ చుక్కలుండవు. కెమెరా దాన్ని దారినపోయేవాణ్ణి చూసినట్టు చూసి ఊరుకుంటుంది. చుక్కలాయన ఆ రింగులో ఆరు గుంటలు తొలిచి, రంగు నింపి, పరాయి లెన్సుకి ఇంటిపేరు తగిలిస్తాడు.

ఈ లెన్సు మావగారిది. ఆయన స్టూడియో నడిపిన మనిషి, పోయి ఏడాదయింది. పోయిన వారం అత్తగారు దాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఆయన ఊరందర్నీ తీశారు బాబూ. నేను పక్కన లైటు పట్టుకుని నిలబడ్డాను. నా ఫోటో ఒక్కటీ లేదు. దీంతోనే తియ్యాలి మీరు" అంది.

"దీంతోనే" అన్న మాట దగ్గర చుక్కలాయనకి మింగుడు పడలేదు. ఎందుకంటే అది మావగారి లెన్సు కాదు. పదకొండేళ్ళ కిందట శుభ్రం చేసిస్తానని తీసుకొచ్చి, చెయ్యి జారి నేల మీద పడేశాడు. అద్దం సాలెగూడులా బీటలు వారింది. నాలుగూళ్ళు తిరిగి, అదే కంపెనీది, అదే వయసుది ఇంకోటి సంపాదించి, పాత పెట్టెలో పెట్టి ఇచ్చేశాడు. మావగారు దాన్ని అటూ ఇటూ ఒకసారి తిప్పి, ఏమీ అనకుండా లోపల పెట్టుకున్నారు. ఆ సంగతి భార్యక్కూడా చెప్పలేదు. ఆయన పోయాక ఇక దాన్ని తవ్వేవాళ్ళు లేరనుకున్నాడు.

బయట మబ్బు పట్టి ఉంది. బల్ల మీద దీపం తప్ప గదిలో వెలుతురు లేదు. అరల్లో మూతలు తీసిన లెన్సులు వరసగా ఆయన్నే చూస్తున్నాయి. రోజూ చూసేవే గానీ, ఆవేళ ఎందుకో రెండింటిని గోడవైపు తిప్పాడు. తొలిచేముందు ఎప్పుడూ చేసినట్టే మార్కరుతో ఉత్తుత్తి చుక్కలు పెట్టి, మొన్ననే కొన్న పాత డిజిటల్ కెమెరాకి లెన్సు బిగించాడు. టక్కుమంది. తెర వెలిగింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట.

నాది కాదు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ముందుగా ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. ఇరవయ్యేళ్ళ అనుభవం, ఏదో కారణం ఉంటుంది చూడరా అని చెప్పబోయింది గానీ, పదకొండేళ్ళ తప్పు దాని నోరు నొక్కేసింది. లెన్సు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ బిగించాడు.

తిరిగి ఇచ్చెయ్యాలి.

"ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను మావయ్యగారూ, అది ముక్కలైపోతేనూ" అన్నాడు మెల్లగా, కెమెరాతో.

"ఎవరితోనండీ?" అంటూ భార్య లోపలి తలుపు దగ్గరకి వచ్చింది.

"కస్టమరు."

"ఎక్కడ?"

"వెళ్ళిపోయాడు."

వీధి తలుపు లోపల గడియ పెట్టి ఉంది. ఆవిడ గడియని చూసింది, భర్త మొహాన్ని చూసింది, వంగి తెర మీద మాట చదివింది. ఆవిడ బుర్ర తిన్నగా పనిచేసే రకం. "దొంగ కెమెరా కొన్నారా?" అంది.

"కాదు."

"మరి తిరిగిచ్చెయ్యమని అదే చెబుతోందిగా. పోగొట్టుకున్నవాడు రాసుకున్నాడేమో. అందుకే తెల్లమొహం వేశారు." ఆయన కాదనేలోపే గడియ తీసి, వెళ్ళి షట్టరు సగానికి దింపేసింది. తలుపులోంచి వచ్చిన కాస్త వెలుతురూ సగమైంది.

సరిగ్గా అప్పుడే అత్తగారు వచ్చింది. ఇస్త్రీ చీర, నున్నగా దువ్విన తల. షట్టరు కింద నుంచి వంగి లోపలికి వచ్చి, మసక చీకట్లో బల్లకి చెరోవైపు నిలబడ్డ కూతుర్నీ అల్లుణ్ణీ చూసింది.

"ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదమ్మా."

"ఏం కాకపోతే షట్టరు సగం దింపి గుసగుసలేమిటే?"

కూతురు తల్లిని కుర్చీలో కూర్చోబెట్టింది. ఫోటో తీసి పంపించేస్తే గండం గడుస్తుందని చుక్కలాయన లెన్సు విప్పి మూడోసారి బిగించాడు. ఈసారి తెర వైపు చూడకూడదనుకున్నాడు. చూశాడు. బొటనవేలు అడ్డం పెట్టాడు.

"వేలు తియ్యండి బాబూ" అంది అత్తగారు. నలభయ్యేళ్ళు కెమెరా పక్కన నిలబడ్డ మనిషి, ఆవిణ్ణి మోసం చెయ్యడం కష్టం. లేచి వచ్చి చదివింది.

ఆవిడకి తెలీదు.

"ఏవిడకి?" అంది అత్తగారు.

చుక్కలాయన మళ్ళీ వేలు అడ్డం పెట్టబోతే ఆవిడ చేత్తో పక్కకి తోసేసింది.

"ఆయన లెన్సు పెట్టగానే ఈ మాట వచ్చింది. ఆ ఆవిడ నేనే అయ్యుండాలి. నాకు తెలీనిదేమిటి?" ఆవిడ గొంతు పెరగలేదు, ఇంకా తగ్గింది. "శనివారాలు కలర్ ల్యాబుకి వెళ్ళి పొద్దుపోయాక వచ్చేవారు. ప్రింట్లు ఆలస్యం అనేవారు. అక్కడ కౌంటర్లో ఒకావిడ ఉండేది. ఎప్పుడూ నవ్వుతూ ఉండేది."

"అమ్మా, నాన్నని పట్టుకుని ఆ మాటలేంటి?"

"నేనేమీ అనలేదు. ఆయనే అంటున్నారు." పమిట సర్దుకుంది. "ఫోటో వద్దులెండి బాబూ. నేను వెళ్తాను."

మావగారు కోపం వస్తే గొంతు చించుకునేవారే గానీ, మనిషి కడిగిన ముత్యం. తన చేతిలో జారిపోయిన లెన్సుకి, పోయిన మనిషి పరువు జారిపోతోంది. చుక్కలాయనకి ఇక దాచడం చాతకాలేదు.

"ఆ తెలీనిది నా సంగతి అత్తయ్యా" అన్నాడు. "ఇది మావయ్యగారి లెన్సు కాదు. అది నా చేతిలో పగిలిపోయింది. పదకొండేళ్ళయింది. నేను ఇంకోటి తెచ్చి పెట్టాను. ఆయనకీ చెప్పలేదు, మీకూ చెప్పలేదు. ఆయన నన్నే అడుగుతున్నారు, పొద్దున్నుంచీ."

అత్తగారు మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

"పదకొండేళ్ళా?"

"అవును."

"అయితే మీరు పగలగొట్టింది ఆయనది కాదు బాబూ. ఆయనది నేను పగలగొట్టాను. పద్నాలుగేళ్ళవుతుంది. దుమ్ము దులుపుతుంటే బీరువా మీంచి పడింది. ఆయన ఊళ్ళో లేరు. ఆ ల్యాబులో నవ్వే ఆవిడే అదే రకం తెప్పించిపెట్టింది. అందుకేనేమో ఆవిడ నన్ను చూసినప్పుడల్లా నవ్వేది, అది తలుచుకుని."

తల్లి పశ్చాత్తాపం అలా సాగుతుంటే కూతురు పక్కకి వెళ్ళి, కెమెరా అమ్మిన దుకాణదారుకి ఫోను చేసింది. స్పీకరు పెట్టింది.

"అది దొంగది కాదమ్మా" అన్నాడాయన. "ఒక పెద్దాయనది. ఏ చుక్కల వరసకి ఏ పేరు చూపించాలో మనమే టైపు చేసుకోవచ్చు అందులో. బావమరిది లెన్సుకి నాది కాదు అని, స్నేహితుడిదానికి తిరిగి ఇచ్చెయ్యాలి అని రాసుకున్నాడు. ఇంట్లో చెప్పకుండా కొన్నదానికి ఇంకేదో రాశాడు. చెరిపి ఇద్దామనుకుని మర్చిపోయాను. అయినా మీ ఆయనకి తెలీదా? మార్కరు చుక్కలు బిగించినప్పుడల్లా ఒకటి అరుగుతుంది, వరస మారుతుంది, ఇంకో పేరొస్తుంది. మాకు చెప్పింది ఆయనే."

చుక్కలాయన తేలుకుట్టిన దొంగలా నేల చూపులు చూశాడు.

ఆ తర్వాత భోజనాల మాట ఎవరూ ఎత్తలేదు. ఆయన రింగు విప్పి, ఆరు గుంటలు శ్రద్ధగా తొలిచి, నలుపూ తెలుపూ నింపి ఆరబెట్టాడు. మూడు గంటలకి షట్టరు పైకెత్తి, అత్తగారిని వెలుతురుకి ఎదురుగా కూర్చోబెట్టాడు.

"ఇటు చూడండి" అన్నాడు.

ఆవిడ చూసింది, కానీ కెమెరా వైపు కాదు. దానికి జానెడు పైకి. మావగారు చుక్కలాయన కన్నా జానెడు పొడుగు. చుక్కలాయన వెనక్కి తిరక్కుండా బటన్ నొక్కాడు. ఫోటో ఎంత బాగా వచ్చిందంటే, తనే తీశానని చెప్పుకోవడానికి ఆయనకి ధైర్యం చాలలేదు.

"మావయ్యగారికి తెలుసంటారా?" అని అడిగాడు కాసేపటికి.

"ఏమో. ఒకసారి మాత్రం అన్నారు, ఈ లెన్సు వయసొచ్చేకొద్దీ కుర్రదవుతోందేమిటే అని."

పాత పేర్లన్నీ చెరిపేసి, ఈ లెన్సుకి ఏం పేరు రాయమంటారని చుక్కలాయన అడిగాడు. అత్తగారు వేళ్ళ మీద లెక్క చూసుకుంది. "ఉన్నదున్నట్టు మూడోది అని రాయండి" అంది.

ఆయన ఒక్కొక్క అక్షరమే కొడుతుంటే, ఫోను చేసిన దగ్గర్నుంచి నోరు మెదపని భార్య, కాఫీ గ్లాసులు అందుకుంటూ ఎవరి మొహమూ చూడకుండా అంది.

"నాలుగోది అని రాయండి."