ముందుంది అప్‌డేట్ల పండగ

వైఫై సరిగ్గా పనిచేయని ఇల్లు అదృష్టవంతుల ఇల్లు. పనిచేసే ఇళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్లకు ఎదురుచూడ్డానికి ఏమీ లేదు. ఇవాళ ఎంత నెట్ వచ్చిందో రేపూ అంతే వస్తుంది. అదీ ఒక బతుకేనా? మా ఇంట్లో అలా కాదు. మాకు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంది!

తెలియనివారి కోసం చెబుతున్నాను. ఫర్మ్‌వేర్ అంటే వైఫై డబ్బా కడుపులో ఉండే బుద్ధి. అప్‌డేట్ అంటే కంపెనీవాడు ఎక్కడో కూర్చుని ఆ బుద్ధిని మార్చడం. మార్చమని మనం అడగక్కర్లేదు, వద్దన్నా మానడు. మా ఇంట్లో మనుషుల బుద్ధి మార్చాలని నేను ఎంతకాలంగానో తంటాలు పడుతున్నాను. నావల్ల కానిది వాడు ఒక్క పూటలో డబ్బాకు చేసి చూపిస్తున్నాడు. గొప్పవాడా కాదా, మీరే చెప్పండి.

నా పేరు మన్మథరావు. కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం. మా అమ్మాయి సుస్మిత హైదరాబాదులో ఒక కంపెనీకి పనిచేస్తుంది. చదువని, ఉద్యోగమని హాస్టళ్లలోనే పెరిగిన పిల్ల. ఈ ఏడాది ఆ కంపెనీవాళ్లు ఇంటి నుంచి పని చేసుకోమన్నారు. కానీ ఒక షరతు పెట్టారు. కొన్నాళ్లు చూస్తారు, చివర్లో పెద్ద మీటింగ్ ఉంటుంది, అందులో నెట్ తెగిందా, పెట్టె సర్దుకుని రావాల్సిందే. ఆ పిల్ల పొద్దున్నే వంటింటి గడప మీద కూర్చుని కాఫీ తాగుతూ వాళ్లమ్మతో పోట్లాడుతుంటే నా ప్రాణం ఎంత హాయిగా ఉంటుందో రాయడం నాకు చేతకాదు. అది తిరిగి వెళ్లకూడదు. నాకు కావలసింది అదొక్కటే.

చిక్కల్లా మా ఇంటితో వచ్చింది. వీధి నుంచి పెరటి దాకా గది వెనక గది, పొడుగ్గా రైలు పెట్టెల్లా ఉంటుంది. పాత వైఫై రెండో గది దాటేది కాదు. అమ్మాయి గదేమో అన్నిటికన్నా వెనక. అందుకని బజారులో నిరంజన్ కొట్టుకు వెళ్లాను. వరసకు నన్ను మావా అంటాడు. మెష్ అని మూడు తెల్ల డబ్బాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ముందు గదిలో ఒకటి, నడిమింట్లో ఒకటి, ఎనక గదిలో ఒకటి ఎట్టు మావా. ఏ మూల కూసున్నా ఒకటే స్పీడు. పెరట్లో కొబ్బరి సెట్టెక్కినా వత్తాది," అన్నాడు.

అట్టపెట్టె మీద ఏం రాశారనుకున్నారు? తొమ్మిది వేల స్పీడు. మా ఇంటికొచ్చే తీగలో వచ్చేది వంద. మిగతాది ఎక్కడి నుంచి వస్తుందని నేను అడగలేదు, శుభమా అని కొంటూ అపశకునం మాట్లాడటం ఎందుకు? రెండు దారుల్లో ఒకేసారి నెట్ నడుస్తుందట. ఒక డబ్బా అలిసిపోతే ఇంకో డబ్బా అందుకుంటుందట. ఎవరూ వాడని వేళ చూసి తనంతట తానే అప్‌డేట్ అవుతుందట, మన పనికి అడ్డు రాదట. ప్రతి మాట పక్కనా ఒక చిన్న గుర్తు ఉంది. పప్పులో పురుగు చూసే భూతద్దం పెట్టి అడుగున చదివాను. "ఈ సౌకర్యం రాబోయే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ద్వారా అందుతుంది."

"ఎప్పుడొత్తాదిరా?" అన్నాను.

"వత్తాది మావా. అట్ట మీద అచ్చేసి ఇచ్చాడు కదా, రాకపోతే ఊరుకుంటామేటి?"

ఈ పద్ధతి చూసి నాకు కళ్లు తెరుచుకున్నాయి. ఇంతకాలం మేం జీడిపప్పు ఎంత మొరటుగా అమ్మాం! డబ్బా మీద గుండు పప్పు అని రాస్తే లోపల గుండు పప్పే పోశాం. నాలుగు బద్దలు కనిపిస్తే చాలు, అవతలి వ్యాపారి ఫోన్‌లో మా తాతల దాకా వెళ్లేవాడు. ఇకమీదట నేనూ ఒక చిన్న గుర్తు పెడదామనుకున్నాను. "ప్రస్తుతం ఇందులో ముక్కలున్నాయి. ఇవి రాబోయే అప్‌డేట్‌లో గుండ్లు అవుతాయి." ఈ సంగతి మాకు పాతకాలం నుంచి సరుకు కొనే సోమేశ్వరరావు గారితో అన్నాను. ఆయన నన్ను ఒకసారి డాక్టరుకు చూపించుకోమన్నారు. వ్యాపారంలో కొత్త ఆలోచనకు ఇలాంటి అవమానాలు తప్పవు.

సరే, డబ్బాలు పెట్టాం. చెప్పకేం, మొదట్లో బాగానే పనిచేశాయి. వెనక గదికి నెట్ వచ్చింది. అమ్మాయి నవ్వింది. అదిగో, అప్పుడొచ్చింది మొదటి అప్‌డేట్. "కొన్ని చిన్న లోపాలు సరిచేశాం" అని నా ఫోన్‌కు కబురు పంపారు. వాళ్లకు కనిపించిన లోపం నెట్ రావడమే కాబోలు, దాన్ని శుభ్రంగా సరిచేశారు. నడిమింటి డబ్బాకు వెనక గది డబ్బాతో మాటల్లేవు. ఒకే కప్పు కింద ఉంటూ మాట్లాడుకోకపోవడం మా వంశంలో కొత్త కాదు గనక నేను సర్దుకున్నాను. రెండో అప్‌డేట్‌తో వాళ్లు కలిశారు గానీ టీవీ అలిగింది. మూడోదానికి టీవీ వచ్చింది, ప్రింటరు పోయింది.

దీనివల్ల మా ఇంటికి జరిగిన మేలు చూడండి. టీవీ రాని సాయంత్రాల్లో నా భార్య విజయకుమారి, నేను ఎదురెదురుగా కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం. ఆవిడకు నా మీద ఇన్ని ఫిర్యాదులున్నాయని నాకప్పుడే తెలిసింది. ల్యాప్‌టాప్ పట్టుకుని సిగ్నల్ కోసం గది నుంచి గదికి తిరిగి అమ్మాయి నాజూగ్గా తయారైంది. ఇంత ఆరోగ్యం, ఇంత అన్యోన్యం ఏ కంపెనీ ఇస్తుంది?

ఇంతలో పెద్ద మీటింగ్ రోజు వచ్చింది. మధ్యాహ్నం అమ్మాయి వెనక గదిలో తలుపేసుకుని కూర్చుంది. నేను నడిమింట్లో కుర్చీ వేసుకుని డబ్బాకు కాపలా ఉన్నాను. అమ్మాయి గొంతు గలగలా వినిపిస్తోంది. ఉన్నట్టుండి డబ్బా దీపం పసుపు రంగుకు మారింది, గొంతు ఆగిపోయింది. నా ఫోన్ మోగింది. "కొత్త అప్‌డేట్ మొదలైంది. పూర్తయ్యేవరకు కరెంటు తీయకండి."

మరి ఎవరూ వాడని వేళ చూసి అవుతానంది కదా అంటారా? ఆ తెలివి ఈ అప్‌డేట్‌లోనే వస్తోందండీ! రాని తెలివి ముందే ఎలా ఉంటుంది?

ఓపిక పడదామనుకున్నాను. సరిగ్గా అప్పుడే సముద్రం వైపు నుంచి ఉరిమింది.

ఇక్కడ మీకు మా సముద్రతీరం, ఈ ఉద్దానం ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. తుఫాన్లు చూసిన వాళ్లం. ఉరిమితే ముందు ప్లగ్గులు పీకుతాం, ఆ తర్వాతే దండెం మీది బట్టలు తీస్తాం. పసిపిల్లలకు కూడా తెలిసిన ఆచారం ఇది. విజయకుమారి వీధి గది నుంచి మొదలెట్టింది. ఫ్రిజ్, టీవీ, మిక్సీ, వాటితో పాటు మూడు తెల్ల డబ్బాలు. నేను నోరు తెరిచేలోగా ఇల్లంతా పీకేసింది.

"ఏటండీ అలా సూత్తన్నారు? ఉరుము ఇనపళ్లేదా?" అంది.

మళ్లీ ప్లగ్గులు పెట్టాం. మూడు డబ్బాలూ ఎర్రగా చూశాయి, అంతే. ఫోన్ డేటాతో నడిపిద్దామంటే, వాన చినుకు పడగానే మా వీధి టవర్ ముసుగు తన్ని పడుకుంటుంది. అమ్మాయి గది తలుపు తీసింది. దాని మొహం నేను చూడలేకపోయాను.

అది ల్యాప్‌టాప్ తువ్వాల్లో చుట్టుకుని పెరటి తలుపు తీసి వానలో పరుగెత్తింది. మా పెరటి గోడ అవతలే నా బావమరిది కూర్మారావు జీడిపప్పు పొట్టు తీయించే షెడ్డు. అక్కడ దూలానికి కొబ్బరి తాడుతో కట్టిన నల్ల వైఫై డబ్బా ఒకటుంది. ఎలకలు ప్లగ్గు వైరు కొరికేశాయని తీగలు బ్యాటరీకి నేరుగా కలిపేశాడు. ఉరిమినా పీకడానికి దానికి ప్లగ్గే లేదు. అప్‌డేట్ ఇవ్వాల్సిన కంపెనీ ఎప్పుడో మూతపడింది కాబట్టి ఆ బాధా లేదు. సుస్మిత అక్కడి జీడిపిక్కల బస్తా మీద కూర్చుని మీటింగ్ పూర్తి చేసింది. పప్పు ఒలిచే ఆడవాళ్లు అంతసేపూ నోరు కట్టుకుని కూర్చున్నారు. ఆ షెడ్డు చరిత్రలో అలాంటి నిశ్శబ్దం లేదు.

ఉద్యోగం నిలిచింది. కానీ వాళ్ల పైఆఫీసరు, "ఇకమీదట ఆ రెండో నెట్ మీదే పని చేయమ్మా" అన్నాడట.

నేను మెష్ కంపెనీకి ఫోన్ చేశాను. అప్‌డేట్ మధ్యలో కరెంటు తీయడం మా తప్పేనట. దానికి మందు కొత్త అప్‌డేట్‌లో ఉందట. అది దించుకోవాలంటే డబ్బాకు ముందు నెట్ రావాలట. చివరికి నిరంజనే డబ్బాలు కొట్టుకు పట్టుకెళ్లి, ఏవో తంటాలు పడి, ఒక వారం తర్వాత బతికించి తెచ్చాడు.

ఆశ్చర్యం చూడండి, ఇప్పుడవి భేషుగ్గా ఉన్నాయి. అట్ట మీద రాసినవాటిలో సగం దాకా వచ్చేశాయి. వెనక గదిలో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. ఆ సంబరంలో పెరటి గోడ దగ్గర నిలబడి అమ్మాయిని కేకేశాను.

"రా తల్లీ, నీ గదిలో నెట్ బెమ్మాండంగా వత్తంది."

సుస్మిత షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. "ఇయాల వత్తంది నాన్నా. రేపు మీటింగులో ఉండగా మళ్లీ అప్‌డేట్ వత్తే?"

వెళ్లి నిరంజన్‌ను అడిగాను, రాదని రాసివ్వలేనన్నాడు. తొమ్మిది వేల స్పీడు వాళ్లనే ఉంచుకోమనండి. కొన్న రోజున పనిచేసిన వస్తువు మర్నాడు కూడా అలాగే పనిచేస్తుందని ఒక్క మాట, ఏ చిన్న గుర్తూ లేకుండా, రాసిచ్చేవాడు ఈ దేశంలో ఎవడైనా ఉంటే నాకు చెప్పండి.

కూర్మారావు షెడ్డులో ఒక మూల పార్టిషన్ కట్టి మేనకోడలికి బల్ల వేయించాడు. అక్కడ చోటు చాలక పిక్కల బస్తాలు తెచ్చి మా వెనక గదిలో దింపాడు. మధ్యాహ్నం భోజనం కారియర్‌లో వెళుతోంది. పొద్దున కాఫీ కూడా అమ్మాయి ఇప్పుడు అక్కడికే తెప్పించుకుంటోంది.

బస్తాలకు మాత్రం ఫుల్ సిగ్నల్.