గాలిమెట్ట గ్రాండ్ ప్రీ

"ప్రపంచంలో కార్ల రేసు చచ్చిపోయింది. దాన్ని మనం డుంబ్రిగుడలో బతికిస్తాం!"

వేగాభివృద్ధి శాఖామంత్రి జగ్గునాయుడుగారు సంతలో మైకు పట్టుకుని ఈ మాట అనగానే చప్పట్లు మోగాయి. సంతకొచ్చినవాళ్ళందరినీ సభకొచ్చినవాళ్ళ కిందే లెక్కేశారు కాబట్టి జనం బాగానే ఉన్నారు. అల్లం, రాజ్మా, నాటుకోళ్ళు బేరమాడుతున్నవాళ్ళు కూడా బేరం ఆపి చప్పట్లు కొట్టారు. పార్టీ మండల కన్వీనరు వరహాలరావు వేదిక మీంచి చూస్తున్నాడు మరి. సంతలో ఎవరు ఎక్కడ గోనెపట్టా పరుచుకోవాలో చెప్పేది ఆయనే.

మంత్రిగారు ఆషామాషీగా అన్న మాట కాదది. రేసుల మీద అధ్యయనం కోసం సకుటుంబంగా విదేశం వెళ్ళొచ్చారు. అక్కడ అన్నిటికన్నా పెద్ద రేసు చూస్తూ చూస్తూ నిద్రపోయారు. లేచేసరికి ముందున్నవాడు ముందే ఉన్నాడు, వెనకున్నవాడు వెనకే ఉన్నాడు. డబ్బున్న జట్టే గెలవడం, ముందు నిలబడినవాణ్ణి ఎవరూ దాటలేకపోవడం, ఆట మధ్యలో పెద్దలు రూల్స్ మార్చెయ్యడం ఆయనకి బొత్తిగా నచ్చలేదు. తన ముప్ఫై ఏళ్ళ రాజకీయ జీవితంలో ఇలాంటివి ఎక్కడా చూడలేదని బాధపడ్డారు.

"మన రేసులో రెండే రెండు ఉంటాయి. ఒకటి న్యాయం, రెండు ఉత్కంఠ. డుంబ్రిగుడ సంత దగ్గర మొదలు, ఘాట్ పైన గాలిమెట్ట దగ్గర ముగింపు. గీత దాటిన మొదటి బండి ఎవరిదైతే, వాళ్ళ ఊరికి తారురోడ్డు!"

ఆ చివరి మాట విన్న కొండబాబు చప్పట్లు కొట్టడం కూడా మర్చిపోయాడు.

కొండబాబు సర్వీసు జీపు నడుపుతాడు. ఊరు బొండగుడ. గాలిమెట్ట దాకా రోడ్డుంది, అక్కణ్ణుంచి బొండగుడకి కొండ దిగి, గెడ్డలో నీళ్ళు దాటి, మళ్ళీ కొండెక్కాలి. అందుకని అతని జీపు రోజూ గాలిమెట్టలో నిద్రపోతుంది, అతను ఇంటికి నడిచిపోతాడు. పోయినేడు వానల్లో వదినని డోలీ కట్టి మోసుకొస్తుంటే గెడ్డ దగ్గరే కాన్పయింది. బిడ్డ దక్కలేదు. ఆ డోలీ ముందుకొన కొండబాబు భుజం మీదే ఉంది. ఇప్పుడు అతని భార్య సరళకి నెలలు నిండాయి. నొప్పులు వచ్చేదాకా ఆగొద్దు, ముందే వచ్చి ఆస్పత్రిలో చేరమని డాక్టరమ్మ చెప్పింది. కొండబాబుకి రోడ్డంటే ఆకలి లాంటిది అయిపోయింది.

"నాను పోటీకొత్తానండి," అన్నాడు వరహాలరావుతో.

"రావాలి. అట్టడుగువాడికే ఈ రేసు," అన్నాడు వరహాలరావు. ఆయన అప్పటికే రేసు డైరెక్టరు.

రేసు కమిటీ వరహాలరావు కొట్టు వెనక గోడౌన్లో కూర్చుంది. అధ్యక్షత మంత్రిగారిదే. ముందుగా న్యాయం తీసుకున్నారు. బళ్ళన్నీ సమానంగా ఉండాలి కదా, ఎవరి బండికేమైనా లోటుందా అని అడిగారు.

కొండబాబు లేచి, "నా బండికి రెండో గేరు పడదండి," అన్నాడు.

"ఎన్నాళ్ళనించి?"

"నాను కొన్ననాటి నుంచీనండి."

మంత్రిగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. ఆయన అలా ఆలోచించినప్పుడల్లా రాష్ట్రానికి ఏదో ఒకటి జరుగుతుంది. "అయితే ఎవరికీ పడకూడదు," అన్నారు.

ఆ సాయంత్రమే మెకానిక్కులొచ్చి మిగతా జీపులన్నిటికీ రెండో గేరు పడకుండా చేసి వెళ్ళారు. పేదవాడి కోసం ఇంత చేసిన మంత్రి ఇంకొకరు లేరని డ్రైవర్లు వాళ్ళ వాళ్ళ భాషల్లో అనుకున్నారు. మంత్రిగారి బావమరిది హరీష్ కూడా పోటీలో ఉన్నాడు. విదేశం నించి తెప్పించిన అతని ఎర్రకారులో గేరు రాడ్డే లేదు కాబట్టి ఆ రూలు దానికి తగల్లేదు. రూలు మాత్రం అందరికీ ఒకటే.

తర్వాత ఉత్కంఠ. ఒకరినొకరు దాటితేనే ఉత్కంఠ అని మంత్రిగారు విదేశంలో తెలుసుకున్నారు. ఘాట్‌లో మలుపు మలుపుకీ 'ఇచట ఓవర్‌టేక్ చేయరాదు' అని బోర్డులున్నాయి. వాటిమీద 'చేయరాదు' కొట్టేసి 'చేయవలెను' అని రాయించారు. ఇంత చేశాక భద్రత మాటేమిటని ఎవరో అడిగితే, మలుపు మలుపుకీ ఒక స్పీడ్ బ్రేకర్ కూడా కట్టించారు.

రేసు రోజు పొద్దున్న సంత దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. జీపులన్నీ ఒకే వరసలో నిలబడ్డాయి. ముందూ వెనకా ఉంటే అన్యాయం కదా. రోడ్డు వాటిలో ఒక్కదానికే సరిపోతుందనేది ఇంజనీర్లు తర్వాత చూసుకోవలసిన విషయం. మంత్రిగారు పచ్చజెండా ఊపారు. డప్పులు మోగాయి. టపాసులు పేలాయి.

ఒక్క బండీ కదల్లేదు.

మంత్రిగారు మళ్ళీ ఊపారు. డ్రైవర్లు కిందికి దిగి, "గాలిమెట్ట, గాలిమెట్ట, గాలిమెట్ట!" అని అరవడం మొదలుపెట్టారు.

వరహాలరావు మైకులో గావుకేక పెట్టాడు. "ఒరే కొండబాబూ! ఏటి సేత్తన్నావురా? బండి తియ్!"

"నలుగురే ఎక్కినారండి సావుకారుబాబూ. బండి నిండనేదు."

"ఇది రేసురా!"

"రేసయితే మాత్రం? కాళీ బండి కొండెక్కించమంటారేటండి?"

ఈలోగా హరీష్ ఎర్రకారు ఝామ్మని బయల్దేరిపోయింది. అందులో ఉన్నవే రెండు సీట్లు. ఒకదాన్లో హరీష్, రెండోదాన్లో అతని ఫొటోగ్రాఫరు. బండి నిండింది కాబట్టి తప్పేమీ లేదు. జీపు డ్రైవర్లు మాత్రం ఇదేం న్యాయమని గోల పెట్టారు. మంత్రిగారు న్యాయం దగ్గర రాజీపడే మనిషి కాదు. మైకు లాక్కుని అక్కడికక్కడే తీర్పు చెప్పారు. "నిండని బండి కదలకూడదు. నిండిన బండి ఆగకూడదు. ఎంతటివాడికైనా ఇదే రూలు. ఇది నా ఆర్డర్!"

సభ కోసం లారీల్లో తెచ్చిన జనాన్ని దించి జీపుల్లో కుక్కారు. కొండబాబు జీపులో లోపల, వెనక, టాపు మీద మనుషులే. ముందు సీట్లో వాళ్ళ ఊరి సోములమ్మ, ఒళ్ళో కోళ్ళ గంప.

"కూకున్నావా అత్తా?"

"కూకున్నాన్రా అల్లుడా. బేగి పోనీ. ఆ గుంట అక్కడ ఒక్కర్తీ ఉన్నాది."

సరళ గురించే ఆ మాట. కొండబాబు మొదటి గేరు వేశాడు, కాసేపు పోయాక రెండోది దాటేసి మూడో గేరు వేశాడు. అతనికి అది అలవాటే. మిగతావాళ్ళు లేని రెండో గేరు కోసం తడుముకుంటూ ఉండిపోయారు.

మొదటి మలుపులోనే ఎర్రకారు కనిపించింది. విదేశంలో గాలిని చీల్చుకుపోయే కారు కదా, నేలకి బెత్తెడు ఎత్తులో ఉంటుంది. స్పీడ్ బ్రేకరెక్కి పొట్ట ఆనుకుని, ముందు చక్రాలు గాల్లో, వెనక చక్రాలు గాల్లో, ఉయ్యాలబల్లలా ఊగుతోంది. దిగితే అటో ఇటో ఒరిగిపోతుందని హరీష్ లోపలే కూర్చున్నాడు. ఫొటోగ్రాఫరు ఫొటోలు తీస్తున్నాడు. 'ఓవర్‌టేక్ చేయవలెను' అని బోర్డు ఉంది కాబట్టి కొండబాబు ఆజ్ఞ పాటించాడు.

రెండో మలుపు దాటాక అసలు చిక్కొచ్చింది. రోడ్డు పక్కన ఊళ్ళ జనం బారులు తీరి, రేసు చూసిన సంబరంలో చేతులెత్తి కేకలు పెడుతున్నారు. ఏజెన్సీ కొండల్లో చెయ్యెత్తితే జీపు ఆగుతుంది. పద్నాలుగేళ్ళుగా కొండబాబు కాలు నేర్చుకున్నది అదొక్కటే. బ్రేకు పడింది.

"ఎక్కండి, ఎక్కండి! టాపు మీద కాళీ ఉన్నాది!"

జనం ఇంకా సంబరపడి ఇంకా చేతులెత్తారు. వెనకొచ్చిన జీపులు కూడా ఒక్కొక్కటే ఆగాయి. ఎక్కేవాడు లేడు, చెయ్యి దించేవాడు లేడు. డ్రోన్‌లో ఇది చూస్తున్న వరహాలరావు, "అన్ని జట్లూ ఒకేసారి పిట్ స్టాప్! ప్రపంచ రేసుల్లో మొట్టమొదటిసారి!" అని మైకులో పొంగిపోయాడు.

సోములమ్మ కొండబాబు భుజం మీద ఒక్కటిచ్చింది. "ఒరే ఎర్రినాయాలా! ఆళ్ళు ఎక్కడానికి కాదురా, జైకొట్టడానికి! పోనీ!"

ఆ బుద్ధి చెప్పే సోములమ్మ మిగతా జీపుల్లో లేకపోయింది. కొండబాబు ఒక్కడే ముందుకొచ్చాడు. వెనక అద్దంలో ఇక ఏ బండీ లేదు. మలుపు తర్వాత మలుపు, జీపు మూలుగుతూ ఎక్కుతోంది. పైన గాలిమెట్ట గీత దగ్గర తోరణం కనిపించింది. టాపు మీదున్న బొండగుడవాళ్ళు రేకు వాయిస్తూ పాట అందుకున్నారు. కొండబాబుకి తోరణం కనిపించడం మానేసి గెడ్డ మీద వంతెన, దానిమీంచి నల్లటి రోడ్డు కనిపించాయి. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. తుడుచుకుంటే స్టీరింగు వదలాలని తుడుచుకోలేదు.

అప్పుడు వెనక సైరన్ మోగింది.

గెలిచినవాడికి కప్పు ఇవ్వాలంటే మంత్రిగారు గెలిచినవాడికన్నా ముందు పైకి చేరాలి కదా. ఆ సంగతి ఆయనకి అంతా బయల్దేరాక తట్టింది. పైలట్ జీపు, దాని వెనక నల్లకారు, దాని వెనక మరికొన్ని కార్లు. దారిలో చేతులెత్తిన జనం దగ్గర ఆగివున్న జీపులన్నీ సర్దుకుని పక్కకి తప్పుకున్నాయి.

"ఆపకురా!" అని సోములమ్మ అరుస్తూనే ఉంది.

కొండబాబు ఆపాలనుకోలేదు. అది ప్రమాణం చేసి చెప్పొచ్చు. సైరన్ వినగానే పద్నాలుగేళ్ళ కాలు తనంతట తనే బ్రేకు మీదికి వెళ్ళింది, చేతులు జీపుని కొండవారకి తిప్పాయి, తల దానంతటదే వంగి దణ్ణం పెట్టింది. కాన్వాయ్ దుమ్ము రేపుకుంటూ దాటిపోయి గీత దాటేసింది. అదీ అయ్యాక కొండబాబు కాలు బ్రేకు మీంచి లేచింది.

మంత్రిగారి వెనక కారులోనే వచ్చిన వరహాలరావు దిగుతూనే మైకు అందుకుని ఫలితం చెప్పాడు. "అందరికన్నా ఆఖర్న బయల్దేరి అందరికన్నా ముందు! ఒక్క బండి కూడా అడ్డం రాలేదు! ఇంతకన్నా న్యాయం ఉందా? ఆఖరి మలుపులో దాటారు! ఇంతకన్నా ఉత్కంఠ ఉందా? విజేత, గౌరవనీయ మంత్రివర్యులు జగ్గునాయుడుగారు!"

మంత్రిగారు వద్దంటూనే కప్పు తనకి తనే ఇచ్చుకున్నారు. తారురోడ్డు ఆయన సొంతూరికి మంజూరైంది. మైదానంలో ఉన్న ఆ ఊరికి ఇప్పటికే నాలుగు దిక్కులా రోడ్లున్నాయి. ఐదో దిక్కు వెతకమని ఇంజనీర్లని ఆదేశించారు.

"రెండో బహుమతి కొండబాబు!"

రెండో బహుమతి మీద గుడ్డ తీశారు. అల్యూమినియం డోలీ. రేసుకారులాగా ఎర్రరంగు, తెల్లచారలు, పక్కన పెద్ద అక్షరాల్లో 2 అని అంకె. "రోడ్డు లేని ఊళ్ళకి వేగం ఎలా ఇవ్వాలా అని రాత్రింబవళ్ళు ఆలోచించాను," అన్నారు మంత్రిగారు. కొండబాబు దగ్గరికెళ్ళాడు. ఒక కొన పట్టుకుని బరువు చూశాడు. తేలిగ్గానే ఉంది.

డోలీలో మంత్రిగారు కూర్చుంటే ఫొటో బాగుంటుందన్నారు. కూర్చున్నారు. నాలుగడుగులు నడిస్తే వీడియో బాగుంటుందన్నారు. కొండబాబు ముందుకొన, ముగ్గురు బొండగుడవాళ్ళు మిగతా కొనలు భుజానికెత్తుకుని రోడ్డువెంట నడిచారు. "స్పీడు! స్పీడు!" అని మంత్రిగారు లోపల్నించి ఉత్సాహపరిచారు. మలుపు తిరిగారు.

వెనక సైరన్ మోగింది. తర్వాతి కార్యక్రమానికి టైమైపోయిందని పైలట్ జీపు బయల్దేరింది. అది బయల్దేరితే నల్లకారు బయల్దేరుతుంది, నల్లకారు బయల్దేరితే వరహాలరావు, అధికారులు, ఫొటోలవాళ్ళు, మిగతా జీపులు అన్నీ వెనకే బయల్దేరతాయి. డోలీ మోసేవాళ్ళు నలుగురూ మర్యాదగా కొండవారకి తప్పుకుని తలలు వంచారు.

"ఆపండయ్యా! నేనిక్కడ!" అన్నారు మంత్రిగారు. సైరన్‌లో అది వినిపించలేదు. కాన్వాయ్ వెళ్ళిపోయింది. కింద మలుపు మలుపులోనూ జనం నల్లఅద్దాలకి దణ్ణాలు పెట్టడం, కారు ఎవరికోసమూ ఆగకుండా పోవడం పైనుంచి చక్కగా కనిపించింది.

గాలిమెట్టలో ఫోన్లకి సిగ్నల్ ఉండదు. సభ జనమంతా మిగతా జీపుల్లో దిగిపోయారు, సోములమ్మా ఊరివాళ్ళూ అప్పటికే ఇంటిదారి పట్టారు. మంత్రిగారు కొండబాబు జీపు ముందు సీట్లో కూర్చున్నారు. కొండబాబు తనతో డోలీ మోసిన ముగ్గురికీ దాన్ని ఇచ్చి, చెవిలో ఏదో చెప్పి, కొండ దింపి పంపాడు.

"పోనీవయ్యా," అన్నారు మంత్రిగారు.

"నిండితే తీసెత్తానండి."

"నేను మంత్రిని. నేనొక్కణ్ణి ఎక్కితే చాలు."

"తమరి ఆర్డరే కదండి బాబూ. నిండని బండి కదలకూడదు, ఎంతటోడికైనా ఇదే రూలని మైకులో సెప్పినారు." వెటకారం కాదు, అతను నిజంగానే భయపడుతున్నాడు.

మంత్రిగారు ఖాళీ కొండల వంక చూశారు. "ఎవరొస్తారిప్పుడు?"

"మా ఊరోళ్ళు వత్తారండి. సరళని ఆస్పత్రికి తెత్తన్నారు. తమరిచ్చిన డోలీలోనే."

"ఎంతసేపవుతుంది?"

"రోడ్డు నేదు కదండి," అన్నాడు కొండబాబు.

ఎండ కొండ దాటింది. చలి మొదలైంది. కొండబాబు జీపు ముందు నిలబడి, అలవాటు చొప్పున, ఎవరూ లేని కొండలవైపు తిరిగి "డుంబ్రిగుడ, డుంబ్రిగుడ, డుంబ్రిగుడ!" అని కేకెయ్యడం మొదలుపెట్టాడు.

కాసేపు పోయాక మంత్రిగారు కూడా దిగివచ్చి అతని పక్కన నిలబడి గొంతు కలిపారు.