నిలబడి చూసిన పెళ్ళిచూపులు

ఆదివారం ఉదయం తాడేపల్లిగూడెంలో కారెక్కే ముందు సోమసుందరం తన పథకాన్ని భార్యకు వివరించాడు. ఏలూరులో పిల్లవారింటికి చేరగానే ఆయన గోడల మీది ఫొటోలు చూస్తూ నిలబడతాడు. తర్వాత పెరట్లోకి వెళ్ళి మొక్కలు చూస్తాడు. ఈలోగా పెళ్ళిచూపులు అయిపోతాయి, కుర్చీతో పనే ఉండదు.

"ముందు డాక్టరుకి చూపించుకోండని మూడు నెలల్నుంచీ చెప్తున్నానండీ," అంది రాజరాజేశ్వరి.

"మొలలకి డాక్టరెందుకే? రెండ్రోజులు మజ్జిగ తాగితే అవే పోతాయి."

ఆ రెండ్రోజులు ఇంకా మొదలు కాలేదు. ఆయన నీటిపారుదల ఆఫీసులో సూపరింటెండెంటు. పగలంతా కుర్చీలో ఉంటాడు, పొద్దున్నే ఫోను పట్టుకుని బాత్రూములో గంట కూర్చుంటాడు. మంచినీళ్ళు తాగడం మరిచిపోతాడు గాని ఆవకాయ మరిచిపోడు. ఈ సంగతి బయటపడితే తలెత్తుకు తిరగలేనని ఆయన భయం. బయటపడనివ్వనన్న ధీమా అంతకు రెట్టింపు.

కొడుకు శ్రీరామచంద్రకి మాత్రం ఏ ధీమా లేదు. పెళ్ళికూతురు మనస్వీ అతనూ ఫోనులో మాట్లాడుకుని ఒకరికొకరు నచ్చారు. ఇక పెద్దవాళ్ళు సరేననాలి. "నాన్నగారూ, మీరేం మాట్లాడక్కర్లేదు. కాసేపు కుదురుగా కూర్చుంటే చాలు," అని బతిమాలాడు పాపం. సోమసుందరం కడుపులో తిప్పుతోందని చెప్పి ఏలూరు దాకా వెనక సీట్లో పక్కకి తిరిగి పడుకుని వచ్చాడు.

పిల్లవారిల్లు అపార్టుమెంటులో మూడో అంతస్తు. పెరడు లేదు. గోడ మీద ఉన్నది ఒకే ఫొటో.

"కూర్చోండి," అన్నాడు మనస్వి తండ్రి ప్రసాదరావు.

"ముందు మీరు కూర్చోండి."

"మీరు నిలబడితే నేను కూర్చుంటానా అండీ? మీరు కూర్చోండి."

"అబ్బే, మీరు కూర్చుంటేనేనండి."

ఇలా కొంతసేపు సాగాక సోమసుందరానికి ఒక ఉపాయం తట్టింది. "ద్వారకా తిరుమల మొక్కండి. సంబంధం కుదిరేదాకా పిల్లవారింట కూర్చోనని మొక్కుకున్నాను," అన్నాడు. అన్నాక తన తెలివికి తానే మురిసిపోయాడు.

ప్రసాదరావు మొహం వెలిగిపోయింది. "అయితే నేనూ నిలబడతానండి," అన్నాడు. ఆయన తల్లి శేషారత్నమ్మగారికి ఎనభై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. దేవుడి మొక్కంటే తను మాత్రం కూర్చోవడమేమిటని ఆవిడా సోఫాలోంచి లేచింది. ఆవిడ లేచాక మనస్వితో సహా మిగతావాళ్ళకీ తప్పలేదు.

ప్రసాదరావు భార్య లక్ష్మీకాంతం మిరపకాయ బజ్జీలు తెచ్చింది. అందరూ బస్టాండులో టిఫిను చేస్తున్నట్టు నిలబడే ప్లేట్లు పట్టుకున్నారు. సోమసుందరం బజ్జీ ముట్టలేదు. మనిషికి సంబంధం ఇష్టంలేదేమోనని లక్ష్మీకాంతం బెంగపడింది. ప్రసాదరావూ ముట్టలేదు. ఈయనకి మనమే నచ్చలేదని రాజరాజేశ్వరి నిశ్చయించుకుంది.

శేషారత్నమ్మగారి మోకాళ్ళు వణకసాగాయి. "ముందా మొక్కు తీర్చేసుకొద్దాం నాయనా. కార్లున్నాయి కదా, అందరం ఇప్పుడే కొండకి బయల్దేరదాం," అంది.

గంట ప్రయాణం. దారిలో గుంతలు.

"వద్దు," అన్నారు ఇద్దరు తండ్రులూ ఒక్కసారే.

మనస్వి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీకు నచ్చలేదా నాన్నగారూ?" అన్నాడు శ్రీరామచంద్ర. ఆ మొహం చూడగానే సోమసుందరం ధీమా అంతా జారిపోయింది. తన గుట్టు కోసం పిల్లాడి పెళ్ళి చెడగొడుతున్నానని ఆయనకి నిజంగా బాధేసింది.

"నచ్చకపోవడమేంట్రా, బంగారంలాంటి సంబంధం," అన్నాడు. "మొక్కూ లేదు, ఏమీ లేదు. నాకు మొలలు. కూర్చోలేను."

ప్రసాదరావు గట్టిగా ఊపిరి వదిలాడు. "ఎంత చల్లటి మాట చెప్పారండీ. నాకూ అవేనండి."

శేషారత్నమ్మగారు వెంటనే సోఫాలో కూలబడింది.

"మొన్న సోమవారమే ఈయన మొలలకి ఆస్పత్రిలో రబ్బరు బ్యాండు వేయించాం అన్నయ్యగారూ," అంది లక్ష్మీకాంతం. "నీళ్ళు బాగా తాగాలి, ఆకుకూరలూ పళ్ళూ తినాలి, దొడ్డికెళ్ళినప్పుడు ముక్కకూడదు, గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కాసేపు కూర్చోవాలి అన్నారు డాక్టరుగారు. అన్నీ చేస్తున్నారు గాని, బాత్రూములోకి ఫోను తీసుకెళ్ళొద్దంటే మాత్రం వినరు."

సోమసుందరం తన ఫోనున్న జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

మనస్వి కళ్ళు తుడుచుకుంది. "రక్తం పడుతోందా మావయ్యగారూ?"

"అప్పుడప్పుడూనమ్మా. మజ్జిగ తాగితే..."

"మజ్జిగ తాగండి. కానీ రేపే డాక్టరుకి చూపించుకోవాలి. రక్తం పడుతుంటే మొలలేనని మనకి మనం అనుకుని ఊరుకోకూడదండీ."

"అలాగేనమ్మా," అన్నాడు సోమసుందరం. మూడు నెలలుగా తన మాట చెవిన పెట్టని మనిషి ఆ పిల్లకి ఒక్క మాటలో లొంగడం చూసి, రాజరాజేశ్వరి అక్కడికక్కడే కోడల్ని ఖాయం చేసేసుకుంది.

లక్ష్మీకాంతం లోపల్నుంచి మధ్యలో చిల్లున్న రబ్బరు దిండు తెచ్చి సోఫా మీద పెట్టింది. ఆ ఇంట్లో ఉన్నది అదొక్కటే.

"కూర్చోండి బావగారూ," అన్నాడు ప్రసాదరావు.

"మీ దిండు మీద నేనెలా కూర్చుంటానండీ? మీరు కూర్చోండి."

"మీరు నిలబడితే నేను కూర్చుంటానా అండీ?"

ఆడవాళ్ళు పంచాంగం తీసుకుని లోపలికి వెళ్ళారు. ఇద్దరికీ పూర్తిగా నయమయ్యాక, ఇద్దరూ పీటల మీద కూర్చోగలిగే రోజుకి ముహూర్తం పెట్టి బయటికొచ్చేసరికి దిండు ఖాళీగానే ఉంది, దాని చెరో పక్కనా వియ్యంకులు నిలబడే ఉన్నారు.

ఆ పెళ్ళికని మొట్టమొదట కొన్న వస్తువు ఇంకో రబ్బరు దిండు.