రెండోసారి అడగని నిధి

మట్టిని కాపాడుకోవడంలో టోల్నెస్ కౌంటీ అమెరికాలోని మినెసోటా రాష్ట్రానికే ఆదర్శంగా నిలిచిందని ప్రభుత్వం సగర్వంగా ప్రకటించింది. ఏడేళ్లుగా ఆ కౌంటీలో ఒక్క రైతు కూడా తన నేల కోసుకుపోతోందని సాయం అడగలేదు. అడగలేదంటే అవసరం లేదనేగా. అందుకని ఒక ఇత్తడి ఫలకం చేయించి, రోడ్డు మీదికి చక్కగా కనిపిస్తుందని ఆర్విడ్ సోండ్రోల్ గారి ఎర్ర కొట్టం పక్కన పాతాలని నిశ్చయించారు.

ఆ కొట్టానికి పన్నెండు అడుగుల దూరంలో వాన కోసిన గండి ఒకటుంది. గట్టి వాన పడినప్పుడల్లా అది ఓ అడుగు ముందుకు జరుగుతుంది. కొట్టం ఆర్విడ్ తాత కట్టింది. అందులో ఇరవై రెండు ఆవులున్నాయి. ఆర్విడ్ పుట్టింది కూడా అందులోనే, పాలు పితికే వేళకు. ఆ రోజు వాళ్లమ్మ పితకడం పూర్తి చేసే లేచిందని కౌంటీలో ఇప్పటికీ మెచ్చుకుంటారు.

గండి పూడ్చడానికి నిధి లేకపోలేదు. రాష్ట్రం ఏటా ప్రతి కౌంటీలోని నేల-నీటి సంరక్షణ మండలికి సొమ్ము పంపుతుంది. జూన్ ఆఖరుకు ఖర్చు కాకపోతే వెనక్కి తీసుకుంటుంది. వెనక్కి వచ్చిందంటే అక్కరలేదని గ్రహించి మరుసటేడు తగ్గిస్తుంది. టోల్నెస్ సొమ్ము అలా ఏటేటా పక్క కౌంటీకి చేరి, అక్కడి గోల్ఫ్ మైదానంలో బాతులకు సిమెంటు కొలను అయింది. ఆ బాతుల కింద మట్టి కొట్టుకుపోయిన దాఖలా ఇంతవరకూ లేదు.

టోల్నెస్ వారికి సొమ్ము చేదు కాదు, మర్యాద ఎక్కువ. అక్కడ ఎవరేమిచ్చినా మొదటిసారి వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి అడిగితే, "సరే, మీరింతగా అంటున్నారు కాబట్టి" అని పుచ్చుకోవాలి. కాఫీకైనా పెళ్లికైనా ఇదే పద్ధతి. ఆర్విడ్‌ను చేసుకోవడానికి లవాన్ మూడోసారికే ఒప్పుకుంది. రెండోసారి అడగడానికీ మూడోసారి అడగడానికీ మధ్య ఆయన నాలుగేళ్లు ధైర్యం కూడగట్టుకున్నాడు.

పూర్వం మండలి గుమాస్తా ఒకావిడ ఇంటింటికీ వెళ్లి మూడేసిసార్లు అడిగేది. ఒకే ప్రశ్న మూడుసార్లు అడగడం ప్రజాధనం దుర్వినియోగమని కనిపెట్టి, ప్రభుత్వం ఏడేళ్ల కిందట ఆ ఉద్యోగం తీసేసింది. ఇప్పుడు ప్రభుత్వం ఒక్కసారే అడుగుతుంది.

"ఈసారి గనక అవునని అనకపోయావో, పాలు నువ్వు గండిలోకి దిగి పితుక్కోవాలి," అని లవాన్ మండలి వారి ఏప్రిల్ సమావేశానికి ముందే హెచ్చరించింది. ఆర్విడ్ వారం రోజులు ఆవుల ముందు నిలబడి 'అవును' అనడం సాధన చేశాడు. ఆవులు అభ్యంతరం చెప్పలేదు.

సమావేశానికి రాజధాని నుంచి పెంబర్టన్ అనే అధికారి వచ్చాడు. "సోండ్రోల్ గారూ, మీకు సాయం కావాలాండీ?" అని అడిగాడు.

"అబ్బే, మాకేం ఫర్వాలేదండీ," అంది ఆర్విడ్ నోరు, ఆయన్ను అడక్కుండానే. "పక్కన డ్వేన్ పొలం మరీ అధ్వాన్నం. అతనికివ్వండి."

"అయ్యో, నాదేముందండీ, నాలుగెకరాలు పోతే పోయింది," అన్నాడు డ్వేన్.

పెంబర్టన్ రెండు 'వద్దు'లు రాసుకుని పుస్తకం మూసేశాడు.

"అడిగాడా?" అంది లవాన్ ఇంటి దగ్గర.

"అడిగాడు. రెండోసారి అడుగుతాడని కూర్చున్నా. కారెక్కి పోయాడు."

"నీ మొహమాటం తగలెయ్య. మన కొట్టం పోతోందయ్యా!"

ఆ సాయంత్రం ఆర్విడ్ కొట్టం గోడ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. ఏడుపొచ్చింది గానీ, అదీ మూడోసారి వస్తే చూద్దామని ఊరుకున్నాడు.

జూన్‌లో ఫలకం వచ్చేనాటికి గండి, కొట్టానికి మూడడుగుల్లో ఉంది. లవాన్ పొద్దున్నే ఆవులను బయటికి తోలింది. పెంబర్టన్ గండిని చూసి ముగ్ధుడయ్యాడు. "ఈ సహజ లోయ అందాలను ఇంత శ్రద్ధగా పెంచి పోషించిన రైతన్నలకు జోహార్లు," అంటూ ప్రసంగించాడు. పనివాళ్లు ఫలకం కోసం ఆ మూడడుగుల్లోనే రెండు గుంతలు తవ్వారు. మట్టికి కావలసింది అంతే. ముందు ఫలకం వెళ్లింది. దాని వెనకే కొట్టం, తొందరేమీ లేకుండా, దిగిపోయింది.

దుమ్ము తగ్గాక పెంబర్టన్ నిజంగానే బాధపడి, "ఏమైనా సాయం కావాలాండీ?" అన్నాడు.

"అబ్బే," అన్నాడు ఆర్విడ్.

"కావాలి," అంది లవాన్.

టోల్నెస్ చరిత్రలో మొదటిసారి అడగ్గానే ఆ మాట ఎవరూ అనలేదు. జనం కొట్టాన్ని వదిలి ఆవిడను చూశారు.

పెంబర్టన్ పుస్తకం తిరగేశాడు. "ఇంటికి ఒక్క జవాబేనమ్మా. మీవారు చెప్పేశారు," అన్నాడు.

సాయంత్రానికి ఓదార్పుగా ఇరుగుపొరుగుల నుంచి మాంసం, బంగాళాదుంపలు కలిపి కాల్చే హాట్‌డిష్ ఏడు పళ్లేలు వచ్చింది. ఇచ్చినవారు గేటు దగ్గర ఆగి చెప్పుకున్నారు: "కొట్టం పోతే పోయింది. ఆవిడ అలా నోరు తెరిచి అడిగేయడమేమిటండీ, ఎంత ఆశ కాకపోతే."

వాళ్లను చూసి నవ్వుతున్న పాఠకులకు ఒక్క మనవి. మొన్న పెళ్లి భోజనంలో రెండో గారె వద్దని విస్తరికి చెయ్యడ్డం పెడితే, వడ్డించేవాడు ఆ మాట నమ్మి ముందుకెళ్లిపోయాడు. వాడికి మర్యాద తెలియదని వారం రోజులు చెప్పుకున్నదెవరు? పక్క విస్తట్లోంచి "బాబూ, ఇంకోటి వెయ్యి" అని అడిగి తిన్న ఆవిడను తిండిపోతు అన్నదెవరు?