ఎనభైకి సున్నా

మనిషి మనసు లోతెంతో ఇన్నాళ్లూ ఎవరికీ తెలియదు. మా కార్యాలయానికి తెలుసు. సరిగ్గా ఎనభై మార్కులు! యుద్ధం చూసి వచ్చిన మాజీ సైనికులు ఇరవై ప్రశ్నలకు సున్నా నుంచి నాలుగు దాకా తమ బాధకు తామే మార్కులు వేసుకోవాలి. మొత్తం ముప్పైమూడు దాటితే డాక్టరు దగ్గరికి, దాటకపోతే ఇంటికి. ఆ కూడికలు చేసే గుమాస్తాను నేనే కాబట్టి, సగం మనోవైద్యం నా చేతిమీదుగానే నడుస్తోందని నా గట్టి నమ్మకం.

ఆ రోజు ఒక మాజీ హవల్దారును ఆయన భార్య చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయన ఫారం అందుకుని, నిటారుగా కూర్చుని, రెండు నిమిషాల్లో నింపేశాడు. ఇరవై సున్నాలు!

"అదేంటండీ, పీడకలలకి కూడా సున్నాయేనా?" అంది ఆవిడ.

"నిద్రపోతే కదా కలలు రావడానికి!"

"పోనీ, నిద్ర పట్టకపోవడానికి?"

"పడుకుంటే కదా పట్టకపోవడానికి! కాపలా కాస్తున్నాగా." నా వైపు తిరిగి, "అంతా క్షేమం సార్!" అన్నాడు. పాతికేళ్లపాటు పై అధికారులకు అదే జవాబు చెప్పిన నోరు మరి.

"ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే మంచం కింద దూరతారు బాబూ. మా చిన్నది నాన్న దగ్గరికి వెళ్లాలంటేనే భయపడుతోంది. ఆ ఫారం నేను నింపుతాను, ఇటివ్వండి." ఆవిడ ఫారం కోసం చెయ్యి చాచింది.

"కుదరదమ్మా. ఎవరి బాధ వాళ్లే రాసుకోవాలి. రూలు!" అన్నాను.

అప్పుడే మా అధికారి బీరువా తలుపు ధడాలున మూశారు. అంతే! హవల్దారు ఒక్క దూకు దూకి, ఆయన్ని బల్ల కిందికి లాగి, మీద పడి కప్పేశాడు. "తల ఎత్తకండి సార్!" అంటూ నిలువెల్లా వణికిపోయాడు.

ఐదు నిమిషాలకు ఇద్దరూ బయటికొచ్చారు.

"కళ్లారా చూశారుగా బాబూ, ఇప్పుడైనా మార్కులు వెయ్యండి!" అని బతిమాలింది ఆవిడ.

"చూసినవి పనికిరావమ్మా, రాసినవే," అన్నాను. నాకూ జాలేసింది. కానీ జాలికి ఫారంలో గడి లేదు.

మా అధికారి మంచినీళ్లు తాగి, తనకూ ఒక ఫారం తెమ్మన్నారు. ఎవరు నింపినా ఫారం ఫారమేనట! అనుభవించిన భయానక సంఘటన: బల్ల కింద ఐదు నిమిషాలు. గత నెల రోజులుగా అది ఎంతగా పీడిస్తోంది? నాలుగు! జరిగి అప్పటికి పావుగంట. ప్రతి ప్రశ్నకూ నాలుగే. ఎనభైకి ఎనభై! ఆ నెలలో డాక్టరు దగ్గర మిగిలిన ఒక్క ఖాళీలో ఆయన పేరే రాశాను.

సంఘటనకు సాక్షి సంతకం కావాలన్నారు. హవల్దారు అటెన్షన్‌లో నిలబడి, "సార్ చాలా భయపడ్డారు, నిజమే సార్," అంటూ పెన్ను అందుకున్నాడు. చెయ్యి వణికి సంతకం రెండుసార్లు పాడైంది. సరిగ్గా లేదని, మూడోసారి నేనే పెట్టించాను.