పదిహేడో ఇంటి కప్పు అనుభవదారు

ఇకమీదట ఏ పేదవాడి నెత్తిమీదా కప్పు కూలబోదనీ, కూలదలచుకున్న కప్పులు ముందుగా తమ దృష్టికి తేవాల్సి ఉంటుందనీ 'భద్ర పైకప్పు మిషన్' చైర్మన్ చెంగల్రాయుడు గారు కుప్పం సభలో ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. అనుభవం లేనివాడు కప్పు గురించి మాట్లాడితే ఆ మాట చెల్లదని కూడా ఆయన స్పష్టం చేశారు. ఆయనకు స్వయంగా ఇరవై రెండేళ్ల అనుభవం ఉంది. ఏ పనిలో అని అడిగేంత సంస్కారహీనులు ఆ సభలో లేరు.

మరుసటి వారం ఆయన పుంగనూరు అవతల ప్రభుత్వం పేదలకు కొత్తగా కట్టించిన ఆకాశదీపం కాలనీకి వచ్చారు. నలభై ఇళ్లు, నలభై కప్పులు. కారు దిగే శ్రమ ఎందుకని కారు పైకప్పు తెరిపించుకుని నిలబడి, రెండు వీధులూ చుట్టి, పదకొండు నిమిషాల్లో తనిఖీ ముగించారు. ఇదే పనికి ఇంజనీర్లు నెల రోజులు అడిగారట. "నలభై ఉండాయి గదా?" అని పక్కనున్నవాళ్లను అడిగి, ఉన్నాయన్నాక, అన్నీ దిట్టంగా ఉన్నాయని సంతకం పెట్టారు.

అందులో పదిహేడో నంబరు ఇల్లు తిమ్మప్ప కూతురు నందినికి వచ్చింది.

తిమ్మప్ప ముప్పై ఎనిమిదేళ్లుగా మిద్దెలు పోస్తున్న మేస్త్రీ. మొదటి మూడేళ్లు రామసముద్రంలో మేనమామ దగ్గర కాంక్రీటు గంపలు మోశాడు. నాలుగో ఏడు మేనమామ తాపీ చేతికిచ్చి, దాంతో పని చెయ్యమనలేదు, దాని పిడితో కప్పును తట్టి వినమన్నాడు. వినడం రావడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. ఇప్పుడైతే కింద నుంచి తట్టి, లోపల ఇనుప కమ్మి ఎక్కడుందో, కాంక్రీటు ఎక్కడ బోలుగా ఉందో చెప్పేస్తాడు. ఇదంతా అతనికి గొప్పగా తోచదు. చెవి ఉన్నవాడికి వినిపిస్తుందంతే అనుకుంటాడు.

నందిని ఇంట్లో నిచ్చెన వేసుకుని నాలుగు మూలలా తట్టాడు. నడిమధ్యన ఇంకోసారి తట్టి, దిగివచ్చి, మనవళ్లిద్దరినీ ఇంటి బయట ఆడుకోమన్నాడు.

"ఈ వానాకాలం దాటదమ్మా ఇది."

"చైర్మన్ సార్ సూసి సంతకం పెట్టినాడే నాయనా."

"ఆయప్ప దూరం నుంచి సూసినాడు. నేను తట్టి సూసినాను."

నందిని గోడకు చేరగిలబడిపోయింది. "బాడుగింటోళ్లకు నెలాఖరుకు ఖాళీ చేస్తామని చెప్పేసినా. పిల్లోళ్లను ఎత్తుకుని యాడికి పోయేది?"

 ఊళ్లో నాలుగు వందల మిద్దెలు పోసిన చేయి, కన్న కూతురి నెత్తిమీద ఈ కప్పు ఉండగా ఊరికే ఎట్లా ఉంటుంది?

మిషన్ ఆఫీసుకు పోయాడు. అనుభవ పత్రం జతచేస్తే తప్ప కంప్యూటరు ఫిర్యాదు తీసుకోదన్నారు. పత్రం కోసం రెవెన్యూ ఆఫీసుకు పోయాడు. అక్కడ మునిచంద్ర అనే గుమాస్తా పందొమ్మిదేళ్లుగా భూముల కాగితాలే రాస్తున్నాడు. ఆయనకు తెలిసి అనుభవం అంటే ఒకటే అర్థం. సొత్తు ఎవరి స్వాధీనంలో ఉందో వాళ్లు అనుభవదారు.

"ఎన్నేండ్ల నుంచి అనుభవం?"

"ముప్పై ఎనిమిది."

"దేని మీద?"

"మిద్దెల మీదప్పా."

"నేల?"

"నేల మీద పని నాకు రాదు. కప్పే."

"ఎవరైనా అడ్డం చెప్పినారా?"

"యాల చెప్తారు? వాళ్లే పిలిచి ఎక్కించినారు."

"ఇప్పుడు ఏ కప్పు కోసరం?"

"పదిహేడో నంబరుది."

మునిచంద్ర చక్కటి దస్తూరీతో రాసి ముద్ర వేసి ఇచ్చాడు. "సదరు పదిహేడో నంబరు ఇంటి పైకప్పు తిమ్మప్ప నిరాటంకమైన అనుభవంలో ఉన్నది." తిమ్మప్ప చదివించుకుని, ప్రభుత్వం తన పనితనాన్ని ఇంత గౌరవంగా చెప్పినందుకు కాస్త సిగ్గుపడ్డాడు కూడా.

కంప్యూటరు ఫిర్యాదు తీసుకుంది. నాలుగో రోజున జవాబు వచ్చింది. కప్పు ప్రమాదకరమన్న ఫిర్యాదును ఆమోదించడమైనదనీ, కప్పును సరిచేయించే పూర్తి బాధ్యత అనుభవదారుదేననీ, వారం దాటితే చర్య తప్పదనీ అందులో ఉంది.

నందిని చదివి నవ్వాలో ఏడవాలో తెలియక, "ఇల్లు నాకిచ్చినారు, కప్పు నీకిచ్చినారు నాయనా" అంది.

తిమ్మప్ప మూడుసార్లు చదివించుకున్నాడు. "అంటే కప్పు నాదే గదా?"

"అట్లే రాసిండారు."

మరునాడు పొద్దున్నే ఆరుగురు మనుషులతో, ఆరు సమ్మెటలతో కప్పెక్కాడు. మధ్యాహ్నానికి కప్పులో గంగాళమంత కంత పడింది. వీధిలో జనం, జనం వెనక పోలీసులు, పోలీసుల వెనక చైర్మన్ గారి కారు. ప్రభుత్వ కప్పును పగలగొడుతున్న దుర్మార్గుణ్ణి పట్టుకోమని ఆయన ఆజ్ఞాపించారు. తిమ్మప్ప కాగితం చూపించాడు. ఎస్సై అటూ ఇటూ తిప్పి చూసి, అనుభవదారు తన కప్పును సరిచేసుకుంటున్నాడు గనక తాము బందోబస్తు ఇవ్వాల్సి వస్తుందన్నాడు.

ఈలోగా కంతలోంచి కమ్మీలు బయటపడ్డాయి. చూస్తే కట్టెలు. ఎన్నికల ఫ్లెక్సీలకు వాడే సన్నటి కట్టెలు. కొన్నిటికి మేకులు ఉన్నాయి, ఒకదానికి ఫ్లెక్సీ ముక్క కూడా అంటుకుని ఉంది. దానిమీద చైర్మన్ గారి ఎడమ చెవి, సగం మీసం స్పష్టంగా కనిపిస్తున్నాయి.

కారు వెంట వచ్చిన విలేకరులు ఆయన మొహం చూశారు. ఆయన తడుముకోకుండా ఇది పర్యావరణానికి హాని చెయ్యని కప్పు అన్నారు. తక్కిన ముప్పై తొమ్మిది ఇళ్లవాళ్లు తిమ్మప్ప చుట్టూ మూగి, తమ కప్పులు కూడా నీ అనుభవంలోకి తీసుకో అని బతిమాలుతున్నారు.

చైర్మన్ గారు తిమ్మప్పను గోడ చాటుకు తీసుకుపోయారు.

"మేస్త్రీ, ఈ కాలనీ కట్టిన కాంట్రాక్టరే మదనపల్లెలో మా ఇల్లు గూడా కట్టించినాడు. అభిమానం కొద్దీ."

"మంచిది సార్."

"ఒకసారొచ్చి తట్టి పోతావా?"

"ఈడ నలభై ఇండ్లకూ కమ్మీలు దిగనీ సార్. వస్తాను."

రెండో రోజుకల్లా కమ్మీల లారీలు వచ్చాయి. ప్రభుత్వం తలచుకుంటే జాప్యం ఉండదనడానికి ఇదే నిదర్శనం. నందినిని బాడుగింటివాళ్లు ఇంకో రెండు నెలలు ఉండమన్నారు, వాళ్ల మిద్దెను కూడా మేస్త్రీ ఒకసారి తట్టిపెట్టే ఒప్పందం మీద. పదిహేడో ఇంటికి తిమ్మప్పే దగ్గరుండి కమ్మి కట్టించాడు, కాంక్రీటు పోయించాడు. ఆ తర్వాతే మదనపల్లె బస్సెక్కాడు.

చైర్మన్ గారి హాలు కళ్యాణ మంటపమంత ఉంది. తిమ్మప్ప నిచ్చెనెక్కి తాపీ పిడితో ఒకసారి తట్టాడు. రెండోసారి తట్టలేదు. దిగి, తాపీ సంచిలో వేసుకుని, గబగబా గడప దాటేశాడు. చైర్మన్ గారి భార్య కాఫీ గ్లాసుతో ఎదురొచ్చి కూర్చోమంది.

"గేటు కాడ తాగుతానమ్మా. ఆడ గాలి బాగుండాది. మీరు గూడా రాండి."

ఆ ఆదివారం పత్రికల్లో ఒక వార్త వచ్చింది. చెంగల్రాయుడు గారు కుటుంబంతో సహా సొంత బంగళా ముందు షామియానా వేసుకుని కాపురం ఉంటున్నారు. ప్రజలకు ఎల్లవేళలా అందుబాటులో ఉండడానికే ఈ త్యాగమని ఆయన విలేకరులకు చెప్పారు.